అర్థశాస్త్ర విద్యయు కొండవీటి సీమయు

ఏటేట పరీక్షాఫలితములు వెలువడిన వెంటనే గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట ప్రాంతముల గృహస్థులకు ఒక్కటే చింత పట్టుకొనును: పిల్లవానిని ఏ చదువులో చేర్పింపవలెను? ఇంజనీరింగు మొదటిమాట, వైద్యము రెండవమాట. ఇవి దొరకనివారికి మాత్రమే ‘మిగిలిన చదువులు’ అను నొక గంప గలదు. అర్థశాస్త్రము ఆ గంపలోనిది. తమ కుమారుడు ప్రభుత్వ విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రమున ఎం.ఏ. చదువుచున్నాడని నలుగురిలో చెప్పుకొనుటకు సంకోచించు భూస్వాములు పెక్కుమంది గలరు. అట్టివారే మిరపధర పడిపోయిన దినమున ‘ఇది ఎందువలన జరిగెను?’ అని ఒకరినొకరు ప్రశ్నించుకొందురు. ఆ ప్రశ్నకు సమాధానము వెదకు శాస్త్రమునే తాము చిన్నచూపు చూచితిమని వారికి తోచదు.

ఈ సందర్భమున మేము చెప్పదలచినది ఒక్కటే. అర్థశాస్త్రము మన పల్లెల లెక్కలతో ముడిపడినప్పుడే మనకు శాస్త్రమగును. ఆ ముడి వేయుటకు తగిన తావు ప్రజల ధనముతో నడచు విశ్వవిద్యాలయమే. అట్టి విద్యను నిలుపుకొనుట భూమి గలవారికిని పట్టణవాసులకును గూడ ఆవశ్యకము. దీనికి దృష్టాంతముగా కొండవీటి సీమను గ్రహించితిమి. ఈ సీమయొక్క చరిత్రయు, నేటి స్థితియు రెండును అర్థశాస్త్ర పాఠములే గనుక, వేఱొకచోట వెదకవలసిన పని లేదు.

కొండవీటి యర్థచరిత్ర

కొండవీడనగానే మనకు రెడ్డిరాజుల ఖడ్గమును, శ్రీనాథుని కవిత్వమును జ్ఞప్తికి వచ్చును. 1325 మొదలు 1424 వఱకు ఇంచుమించు నూఱేండ్లు నిలిచిన ఆ రాజ్యమునకు మొదట అద్దంకియు పిమ్మట కొండవీడును రాజధానులు. ఆ రాజ్యపు టైశ్వర్యమునకు మూలమేమి యని విచారించినచో, కొండమీది కోటకంటె సముద్రతీరమందలి మోటుపల్లి రేవే ముందుగ కనబడును. 1244లో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి ఆ రేవునందు ఒక అభయశాసనము వేయించెను. గాలివానకు ఓడలు పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన సరకులను పూర్వపు రాజులు బలాత్కారముగ లాగుకొనుచుండిరి. ఇకమీదట నియతమైన సుంకము తప్ప తక్కినదంతయు వర్తకులదే యని ఆ చక్రవర్తి మాట యిచ్చెను. 1358లో కొండవీటి అనవోతారెడ్డియు ఆ రేవుననే శాసనము వేయించి, దేశాంతర వర్తకులకు అభయమిచ్చి, సుంకములలో సడలింపులు గావించెను.

ఈ రెండు శాసనములలోని నీతి యేమి? పన్ను ఎంతయో ముందుగ తెలిసియున్నచోటికి వర్తకుడు వచ్చును. తన సొత్తు తనకు దక్కునను నమ్మకము లేనిచోటికి రాడు. నేటి విశ్వవిద్యాలయములలో పబ్లిక్ ఫైనాన్సు అను పేర బోధింపబడు విషయములో ఇది మొదటి సూత్రము. ఆ సూత్రమును మనవారు శిలమీద చెక్కి ఎన్ని శతాబ్దులైనదో పాఠకమహాశయులు లెక్కించుకొందురుగాక. ద్వీపాంతరములనుండి సుగంధద్రవ్యములు తెప్పించిన అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు హరవిలాసము నంకిత మిచ్చెను. కవిసార్వభౌముడు ఒక వర్తకుని కృతిభర్తగా గ్రహించుటయే ఆనాటి వాణిజ్యగౌరవమునకు సాక్ష్యము.

ఐశ్వర్యమునకు సాక్ష్యమున్నట్లే దారిద్ర్యమునకును గలదు. 1832-33లో నందననామ సంవత్సరమున వచ్చిన కఱవు గుంటూరు సీమను తుడిచిపెట్టెను. ఐదులక్షల జనములో లక్షన్నర మొదలు రెండులక్షల వఱకు మడిసిరని నాటి అంచనాలు చెప్పుచున్నవి. కఱవనగా వాన కురియకపోవుటయే యని మన పెద్దలు తలచిరి. కఱవులలో ధాన్యము కొఱవడుటయే కాదు, ఉన్న ధాన్యమును కొనుటకు బీదవానికి శక్తి తప్పుటయు చావునకు కారణమని అమర్త్యసేను 1981లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. బంగాళమున 1943లో వచ్చిన క్షామమును కన్నులార చూచిన బాలుడు పెరిగి వ్రాసిన గ్రంథమది. గుంటూరు కఱవునుగూర్చి ఆ దృష్టితో తెలుగున సమగ్రముగ విచారింపదగిన పని మన విద్యార్థులకై యున్నది.

ఇక స్వాతంత్ర్య సమరమున పలనాటిలో జరిగినదేమి? 1921లో అడవిలో పశువులు మేపుకొనుటకు పుల్లరి చెల్లింపుమనగా ప్రజలు తిరుగబడిరి. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు బలియయ్యెను. ఆ రోజులలోనే పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరి మొదలగువారి నాయకత్వమున రైతులు పన్ను నిరాకరించిరి. ఈ వీరగాథలను మనము పాడుకొనుచున్నాము, ఉచితమే. కాని ఆ పుల్లరి ఎంత, ఆ శిస్తు ఎంత, ఒక యెకరమునకు వచ్చిన ఫలసాయములో అది ఎన్నవపాలు అని అడిగిన, చెప్పగలవారు అరుదు. త్యాగము మనకు గుర్తున్నది. త్యాగమునకు కారణమైన లెక్క మఱచితిమి.

లెక్క మన దేశమునకు క్రొత్తది కాదు. కొండవీటి సీమనుగూర్చిన దండకవిలె యున్నది. మెకంజీదొర కావలి సోదరుల సాయమున సేకరింపించిన కైఫీయతులలో పల్లెపల్లె యొక్క పుట్టుపూర్వోత్తరములు, మాన్యములు, చెఱువులు కరణముల చేతివ్రాతనుండి యెక్కినవి. కరణమునకు దోషము లెన్నియున్నను, పల్లెయొక్క జ్ఞాపకశక్తి ఆయన దప్తరములో నుండెడిది. 1984లో ఆ పదవి రద్దయ్యెను. పదవి పోవుట మంచిదే కావచ్చును. కాని దానితోపాటు, పల్లెనంతటిని ఒక్కచూపున చూచి వ్రాయు నలవాటు గూడ పోయినది. ఆ కొఱత తీర్పగలది అర్థశాస్త్ర విద్యార్థియే యని మా నమ్మకము.

శాస్త్రము మనకు వచ్చిన విధము

మద్రాసు విశ్వవిద్యాలయము 1915లో గిల్బర్టు స్లేటరను ఆంగ్లేయుని తన మొదటి భారతార్థశాస్త్రాచార్యునిగా నియమించెను. ఆయన చేసిన పని మిక్కిలి సులభమైనది, మిక్కిలి గొప్పది. పాఠ్యగ్రంథములలో ఇంగ్లండు కర్మాగారముల లెక్కలు చదువుచున్న విద్యార్థుల చేతికి ఒక ప్రశ్నావళి నిచ్చి, సెలవులలో మీ మీ గ్రామములకు పోయి, భూమి ఎవరిది, కౌలెంత, కూలియెంత, అప్పెంత యని విచారించి వ్రాసికొనిరండని పంపెను. ఆ వ్రాతలు 1918లో గ్రంథరూపమున వెలువడెను. అందు పశ్చిమ గోదావరి సీమలోని ఉనగట్ల మన తెలుగు పల్లె. 1936-37లో పి.జె. థామసును కె.సి. రామకృష్ణనును ఆ గ్రామములనే మరల పరిశీలింపించి 1940లో ఫలితములు ప్రకటించిరి. వానిలో నొకటియగు దక్షిణార్కాటులోని ఇరువేల్పట్టు 1916 మొదలు 2008 వఱకు పలుమాఱులు పరిశీలింపబడెను. తొంబదిరెండేండ్ల పొడుగున ఒక్క గ్రామమున భూమి ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయెనో, కూలివాని బ్రతుకు ఎట్లు మాఱెనో చెప్పు సాక్ష్యము లోకములో పెక్కుచోట్ల దొరకదు. ఒక ఆచార్యుడు విద్యార్థులను ఇంటికి పంపిన ఫలమిది.

గుజరాతున గాంధీమహాత్ముని ప్రేరణచే జె.సి. కుమారప్ప విద్యాపీఠపు విద్యార్థులను వెంటబెట్టుకొని మాతరు తాలూకాను పరిశీలించి 1931లో నివేదిక ప్రకటించెను. మన గుంటూరు సీమలో నిడుబ్రోలున జనించిన ఎన్.జి. రంగా ఆక్సుఫర్డున అర్థశాస్త్రము చదివి తిరిగివచ్చి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆ శాస్త్రమునే బోధించుచు, ఆంధ్రగ్రామముల యార్థికస్థితిపై గ్రంథములు వ్రాసెను. పిదప స్వగ్రామమున రైతుబిడ్డలకై విద్యాలయము నెలకొల్పెను. విదేశమున నేర్చిన శాస్త్రమును పొలముగట్టుపైకి తెచ్చిన ఘనత ఆయనది.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో స్థాపితమయ్యెను. 1931లో వాల్తేరున బోధనశాఖలు తెఱచినప్పుడు తెలుగుతోపాటు చరిత్ర, అర్థశాస్త్రము, రాజనీతి కలిసిన శాఖయు మొట్టమొదటి వానిలోనే చేరెను. మామిడిపూడి వేంకటరంగయ్య పంతులుగారు అచ్చట బోధించిరి. తొలి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డియే అంతకుముందు తెలుగున అర్థశాస్త్ర గ్రంథము వ్రాసినవాడు. తరువాతి తరమున జి. పార్థసారథి మొదలగు ఆచార్యులు కౌలుదారీ పద్ధతులపై, చిన్నరైతుల స్థితిపై శ్రమించి పరిశోధించిరి. పత్తిరైతుల ఆత్మహత్యలు రాష్ట్రమును కలచివైచినప్పుడు, 1998లోనే వాని కారణములను వెదకి వ్యాసము వ్రాసినవారిలో ఆయన యొకరు. గుంటూరున 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయముయొక్క స్నాతకోత్తర కేంద్రము వెలసి, 1976లో నాగార్జున విశ్వవిద్యాలయముగ స్వతంత్రించెను. అది కొండవీటికి దూరమేమియు కాదు. ఉదయమున బయలుదేరిన విద్యార్థి మధ్యాహ్నమునకు ముందే కొండదిగువ పల్లెలో ఒక రైతు అరుగుమీద కూర్చుండి లెక్క వ్రాసికొనవచ్చును.

మిరప చెప్పు పాఠము

ఆ విద్యార్థికి అచ్చట కనబడునదేమి? నల్లరేగడి నేల; పత్తి, మిరప, పొగాకు, శనగ. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసెను. 1967లో కాలువలకు నీరు విడువబడెను. నాటినుండి కుడికాలువ క్రింది నేలల విలువయు, పంటలును, కూలియు మాఱినవి. కొండకు దాపుననే జాతీయరహదారి, యడ్లపాడు మండలమున సుగంధద్రవ్యముల పార్కు, దారిపొడుగున నూలుమిల్లులు, గుంటూరున ఆసియాఖండమునకెల్ల పెద్దదని పేరుపడిన మిరపయార్డు. ఒక్కపూట నడకలో ఇన్ని పాఠములు దొరకు ప్రయోగశాల పెక్కు విశ్వవిద్యాలయములకు లేదు.

మిరపనే తీసికొందము. 2016లో క్వింటాలు పదివేల రూపాయలకు పైబడి పలికిన మిరప, మఱుసటియేడు వసంతమున అందులో సగమునకు, కొన్నిరకములు మూడవవంతునకు దిగజాఱెను. యార్డు టిక్కీలతో నిండిపోయెను. శీతలగిడ్డంగులలో చోటు లేదు. 2017 మే నెలలో కేంద్రప్రభుత్వము క్వింటాలు 5,000 రూపాయల చొప్పున ఆంధ్రప్రదేశమున 88,300 టన్నులు కొనుట కంగీకరించెను. ఎనిమిదేండ్లు తిరుగకముందే, 2025 ఫిబ్రవరిలో మరల ధర పడిపోగా, క్వింటాలు 11,781 రూపాయలుగ నిర్ణయించి 2.91 లక్షల టన్నులకు మద్దతు ప్రకటింపవలసివచ్చెను. రెండుసార్లును రైతులు దళారులను నిందించిరి. ప్రతిపక్షము ప్రభుత్వమును నిందించెను. ప్రభుత్వము విదేశపు టెగుమతులను నిందించెను. ఎవరి నిందలో ఎంత నిజమున్నదో తూచుటకు తక్కెడ యెవరి చేతిలోను లేకపోయెను.

ఆ తక్కెడ అర్థశాస్త్రమున నున్నది. ఈ యేటి ధరను చూచి రైతు వచ్చేయేటి సాగు నిర్ణయించుకొనును. ధర హెచ్చుగనున్న అందఱును అదే పంట వేయుదురు. పంట చేతికి వచ్చునప్పటికి సరకు మిక్కుటమై ధర పడును. పడిన ధరకు జడిసి మఱుసటియేడు అందఱును మానుదురు. సరకు కొఱవడి ధర మరల లేచును. ధరయు, విస్తీర్ణమును ఒకదానినొకటి తఱుముకొనుచు గీయు రేఖ సాలెగూడువలె నుండును గనుక దీనికి సాలెగూటి సిద్ధాంతమని పేరు. 1938లో ఎజికియలను అమెరికా పండితుడు దీనిని విపులముగ వివరించెను. కొండవీటి రైతుకు ఈ పేరు తెలియదు. ఈ గూటిలో చిక్కుకొనుట మాత్రము తెలియును. పేరు తెలిసినవానికి చిక్కు తెలియదు. చిక్కు తెలిసినవానికి పేరు తెలియదు. ఈ యిరువురను ఒక్కచోట కూర్చుండబెట్టుటయే విశ్వవిద్యాలయపు పని.

అప్పు మాటయు నట్టిదే. 2019లో జాతీయ నమూనా పరిశీలనము జరిపిన లెక్కప్రకారము ఆంధ్రప్రదేశమున వ్యవసాయకుటుంబములలో నూటికి 93.2 అప్పులో నుండెను; కుటుంబమునకు సగటున 2,45,554 రూపాయల ఋణము. దేశమంతటి సగటులో అప్పున్న కుటుంబములు నూటికి 50.2, ఋణము 74,121 రూపాయలు. ఇంతటి భారము మరియే రాష్ట్రమునను కానరాలేదు. ఇది అవమానమా? ఒకవేళ బ్యాంకుల అప్పు మనవారికే హెచ్చుగ దొరకుటవలన గూడ కావచ్చును గదా? ఈ ఋణములో బ్యాంకుదెంత, కమీషను వ్యాపారి ముందుగ పెట్టిన పెట్టుబడి యెంత, ఎరువుల దుకాణముదెంత, బంగారము కుదువపెట్టి తెచ్చినదెంత? రాష్ట్రపు సగటు ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పదు. పల్లె చెప్పును, కాని అడిగి వ్రాసికొనువాడు కావలెను.

భాష యడ్డుగోడ కారాదు

అడిగి వ్రాసికొనుటకు భాష కావలెను. నైజాములో 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము దానికొఱకే ఏర్పఱచిన భాషాంతరీకరణశాఖ సాయమున అర్థశాస్త్రమును సైతము ఉర్దూలో బోధించెను. ఆ భాష అచ్చటి తెలుగుబిడ్డలకు మాతృభాష కాదను లోపము దానికున్నది. ఐనను ఒక దేశభాషలో ఉన్నతశాస్త్రము బోధింపవచ్చునని అది నిరూపించెను. మన తెలుగునకు ఆ యవకాశము కలిగించుటకై తెలుగు అకాడమి 1968లో పుట్టెను. అది వెలువరించిన పాఠ్యపుస్తకములవలన వేలకొలది గ్రామవిద్యార్థులు అర్థశాస్త్రపు గడప దాటిరి. ఇది చిన్న ఉపకారము కాదు.

కాని గడప దాటినవెనుక ఇంటిలో మన సామాను కానరాదు. పుస్తకములలోని తెలుగు, పెక్కుచోట్ల, ఇంగ్లీషు వాక్యమునకు సంస్కృతపు దుస్తు. రైతుకు తెలిసిన మాటలు అందులో లేవు. కౌలు, పాలు, గుత్త, చీటీపాట, చక్రవడ్డీ, కాటా, తరుగు, తాలు: ఈ యొక్కొక మాటలో ఒక్కొక అధ్యాయమున్నది. పాలుకిచ్చిన భూమిలో పెట్టుబడి ఎవరు పెట్టుదురు, నష్టమెవరు మోయుదురు అను ప్రశ్నపై ఆంగ్లపండితులు శతాబ్దమునకు పైగా వాదించుచున్నారు. మన పల్లెలో ఆ వాదము ప్రతి యుగాదికిని రచ్చబండమీద జరుగుచున్నది. ఈ మాటలను శాస్త్రములోనికి ఎత్తుకొన్ననాడు శాస్త్రమునకు ప్రాణము, పల్లెకు గౌరవము కలుగును.

ప్రభుత్వ విద్యాలయమే యేల?

ప్రైవేటు కళాశాలలు చాలవా యని కొందఱడుగవచ్చును. వారిని నిందించుట మా యుద్దేశము కాదు. కాని రుసుముపై బ్రతుకు విద్యాలయము, ఏ చదువునకు ఉద్యోగపు గిరాకియున్నదో ఆ చదువునే అమ్మవలసియుండును. గిరాకి లేని శాఖ మూతపడును. పల్లెలెక్కకు గిరాకిదారుడెవరు? కౌలురైతు కొనలేడు, కూలివాడు కొనలేడు, వర్తకునకు అక్కఱలేదు. కొనువాడు లేని జ్ఞానమును పండించుటకే ప్రజలు పన్నుకట్టి విశ్వవిద్యాలయములను పోషించుచున్నారు. అంతేకాదు, భూస్వామి కుమారుడును, ఆతని పొలములో మిరపకోతకు వచ్చు కూలి కుమార్తెయు ఒక్క బల్లమీద కూర్చుండి వేతనములనుగూర్చి పాఠము వినగల గది ప్రభుత్వ విశ్వవిద్యాలయమున గలదు. అట్టి గదిలో కూలిధరలపై జరుగు చర్చకును, ఒకేవర్గపువారు కూడిన గదిలో జరుగు చర్చకును భేదమున్నది.

ఇట్టి విద్యాలయములను మనము ఎట్లు చూచుకొనుచున్నాము? 2023లో రాష్ట్రవిశ్వవిద్యాలయములలో 3,220 అధ్యాపకపదవులను నింపుటకు ప్రభుత్వము ప్రకటన గావించెను. అన్ని పీఠములు ఖాళీపడువఱకు ఊరకుండుట ఏ యొక్క ప్రభుత్వపు తప్పిదమో కాదు, పెక్కేండ్ల యుపేక్ష. గురువులేని శాఖలో విద్యార్థి గైడుపుస్తకము చదివి పట్టము పుచ్చుకొనును. ఆతనిని పల్లెకు పంపువారెవరు? ప్రశ్నావళి దిద్దువారెవరు?

రెండు ఆక్షేపణములు

ఈ చదువునకు కూడుగుడ్డలున్నవా యని గృహస్థులడుగుదురు, న్యాయమైన ప్రశ్న. 1961నుండి భారత ఆర్థికసేవ యని ప్రత్యేకోద్యోగవర్గమే కలదు. బ్యాంకులు, గణాంకశాఖలు, సివిల్ సర్వీసు పరీక్షలు, బోధనము ఉండనే యున్నవి. కడపసీమలో జనించి, మద్రాసు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము చదివి, ఉస్మానియాలో పరిశోధనపట్టము పొందిన వై.వి. రెడ్డిగారు 2003 మొదలు 2008 వఱకు రిజర్వుబ్యాంకు గవర్నరుగ నుండిరి. ప్రపంచపు బ్యాంకులు కూలిన ఆ దినములలో మన బ్యాంకులు నిలుచుటకు వారి జాగ్రత్త తోడ్పడినదని విదేశీయులును మెచ్చిరి. అందఱును గవర్నర్లు కాజాలరు. కాని గ్రామసంఘము, సహకారపరపతిసంఘము, రైతు ఉత్పత్తిదారుల సంఘము, యార్డు, నూలుమిల్లు: ఇన్నిచోట్ల లెక్కను చదువగలవాని అక్కఱ నానాటికి హెచ్చుచున్నది.

రెండవ యాక్షేపణము నోటితో చెప్పబడదు, మనస్సులో నుండును. పిల్లలు వచ్చి కౌలు ఎంత, కౌలుదారెవరు అని వ్రాసికొన్నచో మా భూమికి ముప్పు రాదా యని భూస్వామి భయము. ఈ భయమువలన జరుగు నష్టమును మేము మొగమోటము లేక చెప్పవలసియున్నది. 2011లో కౌలుదారులకు ఋణార్హతపత్రము లిచ్చు చట్టము వచ్చెను. 2019లో వేఱొక చట్టము పదునొకండు మాసముల పంటహక్కుపత్రమును కల్పించి, దానికి యజమాని యొప్పుదల కావలెనని విధించెను. భూమిహక్కునకు దానివలన భంగము లేదని స్పష్టముగ చెప్పెను. ఐనను సంతకము పెట్టుటకు వెనుకాడిన యజమానులు అసంఖ్యాకులు. ఫలమేమి? సేద్యము చేయువానికి బ్యాంకుఅప్పు లేదు. పంట పోయిన పరిహారము లేదు. ఆతడు హెచ్చు వడ్డీకి తెచ్చును. ఒక్కయేడు పంట పోయిన కౌలు ఎగవేయును, లేదా ఊరు విడుచును, లేదా అంతకన్న ఘోరము చేయును. భూస్వామికి కౌలును దక్కదు, కౌలుదారుడును దక్కడు. దాచిన లెక్క యెవరిని రక్షించెను? పేర్లు వెల్లడింపక, అంకెలు మాత్రము వెల్లడించుట ఇట్టి పరిశీలనలకు మొదటి నియమము. దానిని పాటించు విశ్వవిద్యాలయమునకు మన ద్వారములు మూయుట మనకు శ్రేయస్కరము కాదు.

మా సూచన

కావున మా సూచన లివి. మొదటిది: అర్థశాస్త్రమున ఎం.ఏ. చదువు ప్రతి విద్యార్థియు, పట్టమునకు ముందు, తన గ్రామమునో దాపునగల గ్రామమునో ఇంటింట పరిశీలించి తెలుగున నివేదిక వ్రాయవలెను. నగరముననున్న కార్యాలయపు పట్టికలను ఎత్తివ్రాయుట దీనికి బదులు కారాదు. శాంతినికేతనము చెంతగల రెండు పల్లెలలో సేనుమహాశయుడే తక్కెడ పట్టి పసిపిల్లలను తూచి, ఆడుబిడ్డలు ఎంత బలహీనముగ నున్నారో 1983లో ప్రకటించెను. ఆయన చేసిన పని మన విద్యార్థికి తక్కువది కాదు.

రెండవది: నాగార్జున విశ్వవిద్యాలయము కొండవీటి దిగువ పల్లెలలో నొకదానిని ఎన్నుకొని, పదేండ్ల కొకమాఱు తప్పక పరిశీలించు నియమము పెట్టుకొనవలెను. భూమి, నీరు, కౌలు, కూలి, అప్పు, చదువు, వలస: ఈ యేడు విషయములే చాలును. ఇరువేల్పట్టునకు తొంబదిరెండేండ్ల చరిత్ర కలిగినట్లు, మన మనుమల నాటికి మన పల్లెకును కలుగును.

మూడవది: నివేదిక ప్రతి యొకటి ఆ గ్రామపు గ్రంథాలయములో నుండవలెను. ఎవరినుండి లెక్క తీసికొన్నారో వారికి ఆ లెక్క తిరిగి యొప్పగింపవలెను. చదివి తప్పులు దిద్దు హక్కు వారికుండవలెను. నాల్గవది: ధనవంతులగు రైతులును, యార్డు వర్తకులును, మిల్లుల యజమానులును గుళ్లకు గోపురములు కట్టించుచున్నట్లే, ఏటికి ఇరువురు ముగ్గురు పేదవిద్యార్థులకు ఈ పరిశీలన కాలమున భత్యము నేర్పఱుపవలెను. అధ్యాపకపీఠములు నింపుట ప్రభుత్వపు వంతు. ఆ వంతు తీర్చువఱకు అడుగుచుండుట మన వంతు.

రెడ్డిరాజుల కోటను బాగుచేయించి, కొండపైకి దారి వేయించి, యాత్రికులను రప్పించుట మంచిపనియే. కాని ఆ కోటను నిలిపినది మోటుపల్లి సుంకపు లెక్కయు, పొలములందలి పంటయు నని మఱువరాదు. రాళ్లను కాపాడుకొనుచున్న మనము లెక్కను గూడ కాపాడుకొందము. వచ్చు ప్రవేశముల కాలమున ఏ యింటనైన ఒక కుఱ్ఱవాడో, బాలికయో అర్థశాస్త్రము చదువుదునని పలికినచో, తల్లిదండ్రులు పెదవి విఱువక, ‘మంచిది, ముందు మన యూరి లెక్క వ్రాసి చూపుము’ అని యనుగ్రహింతురుగాక.